నాలుగు జతల షూస్, ఒక ఎముక

ఆవిడ మొదటిసారి వచ్చినప్పుడు చేతిలో పెద్ద సంచి ఉంది. కుర్చీలో సరిగ్గా కూర్చోకముందే అందులోంచి మూడు జతల షూస్ తీసి నేల మీద వరసగా పెట్టారు. కాలు చూపించలేదు. "వీటిలో తప్పు దేనిదో చెప్పండి డాక్టర్ గారూ" అన్నారు. నేను డాక్టర్‌ని కాదు, ఫిజియోథెరపిస్ట్‌ని అని చెప్పి, నేనూ వంగి ఆ షూసే చూడటం మొదలుపెట్టాను. నా పొరపాటు అక్కడే మొదలైంది.

గాయం మామూలుదే. పరుగు పెట్టేవాళ్లతో పనిచేసే ఎవరికైనా ఏడాదిలో నాలుగైదు సార్లు కనిపిస్తుంది. అయినా ఎందుకు రాస్తున్నానంటే, ఆవిడ అడిగిన ప్రశ్న చాలామంది అడిగేదే. ఇంత ఖరీదు పెట్టి కొన్నా కాలు ఎందుకు నొప్పి పుడుతోంది? దానికి నేను మొదట చెప్పిన జవాబు తప్పు. ఆ తప్పుకి మూడు వారాలు ఖర్చయ్యాయి, ఆవిడ రేస్ కూడా పోయింది. ఆవిడ ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను, పేరూ ఊరూ వదిలేశాను.

వచ్చినప్పటి పరిస్థితి

వయసు 39. కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం. మూడేళ్లుగా పరుగు పెడుతున్నారు, రెండు హాఫ్ మారథాన్‌లు పూర్తి చేశారు. మొదటి ఫుల్ మారథాన్ కోసం 16 వారాల ప్లాన్ పట్టుకున్నారు. నా దగ్గరికి వచ్చేసరికి ఏడో వారం. ఎడమ కాలు, మోకాలికీ చీలమండకీ మధ్య, లోపలి వైపు, కిందికి వచ్చేచోట నొప్పి. మొదట్లో పరుగు మొదలైన పది నిమిషాలకు వచ్చి, ఒళ్లు వేడెక్కాక దానంతట అదే సర్దుకునేది. వారం రోజులుగా సర్దుకోవడం మానేసింది.

షూస్ సంగతి. ఒకటో జత రెండేళ్ల నాటిది, ఏ ఆర్భాటమూ లేని మామూలు ట్రైనింగ్ షూస్. మడమ బయటి అంచు అరిగి నున్నగా అయిపోయింది. మధ్యలో ఉండే మెత్తటి పొర, అంటే మిడ్‌సోల్ పక్కన సన్నటి ముడతలు పడ్డాయి. బొటనవేలితో నొక్కితే ఫోమ్ దిగడం లేదు. వాచీ లెక్క ప్రకారం 700 కిలోమీటర్లు దాటాయి. రెండో జత కార్బన్ ప్లేట్ ఉన్న రేసింగ్ షూస్. మందపాటి సోల్, పడవ మూతిలా పైకి లేచిన ముందు భాగం, రెండు చేతులతో విరిచినా వంగదు. ఎవరో స్నేహితురాలు వాటితో తన టైమింగ్ బాగా తగ్గించుకుందట. ప్లాన్ రెండో వారం చివర్లో కొన్నారు, అప్పటినుంచి అన్ని పరుగులూ వాటిలోనే. "అంత పెట్టి కొని అల్మారాలో పెట్టుకోలేం కదా" అన్నారు. నిజమే, నాకూ నవ్వొచ్చింది.

మూడో జత నొప్పి మొదలయ్యాక కొన్నది. ఒక షాపులో ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించి, వెనక నుంచి వీడియో తీసి, ఆపి ఆపి చూపించి, "మీ పాదం లోపలికి వాలుతోంది, అందుకే నొప్పి" అన్నారట. అరికాలి వంపు దగ్గర గట్టి దిమ్మ పెట్టిన స్టెబిలిటీ షూస్ అవి. వాటితో ఒక వారం పరిగెత్తారు. నొప్పి అలాగే ఉంది.

నేను పరీక్ష చేశాను. ఎముక లోపలి అంచు వెంబడి బొటనవేలితో కొద్దికొద్దిగా నొక్కుకుంటూ కిందికి వచ్చాను. దాదాపు తొమ్మిది సెంటీమీటర్ల మేర నొప్పి. ఐదు సెంటీమీటర్లకు మించి పరుచుకుని ఉంటే దాన్ని సాధారణంగా షిన్ స్ప్లింట్స్, అంటే మోకాలి కింది ఎముక అంచు వెంబడి వచ్చే పరుగు నొప్పి కిందే లెక్కేస్తాం. ఎడమ కాలి మీద గెంతమంటే గెంతారు. "కొంచెం నొప్పిగా ఉంది" అన్నారు. ఆ "కొంచెం" దగ్గర నేను ఆగాల్సింది. ఆగలేదు. వారం కిలోమీటర్లు మూడో వంతు తగ్గించమన్నాను, పిక్కలకు వ్యాయామాలు ఇచ్చాను, మెత్తగా ఉండే షూస్ వాడి చూడమన్నాను. అలా నాలుగో జత వచ్చింది. అది నా చలవ.

మూడు వారాల తర్వాత

ఈసారి సంచి లేదు. కొద్దిగా కుంటుతూ వచ్చారు. రాత్రి మంచం మీద పక్కకి తిరిగితే కాలు సలుపుతోందన్నారు. ఎక్కడ అని అడిగితే చూపుడువేలు తీసుకెళ్లి ఎముక మీద ఒకే చోట పెట్టారు. క్రితంసారి ఇదే ప్రశ్నకి అరచేత్తో రుద్ది చూపించారు. ఈ తేడా ఎన్ని యంత్రాలున్నా పనికొచ్చే సమాచారం. అరచేత్తో చూపించే నొప్పిని కొన్నాళ్లు చూడొచ్చు. వేలితో చూపించే నొప్పి ఎముకలోకి వెళ్లిందేమోనని అనుమానించాలి. గెంతమన్నాను. రెండో గెంతుకే ఆగిపోయారు.

వెంటనే ఎముకల డాక్టర్ దగ్గరికి పంపాను. ఎక్స్‌రేలో ఏమీ కనపడలేదు, తొలి దశలో తరచూ కనపడదు కూడా. ఎంఆర్ఐలో తేలింది. టిబియా, అంటే మోకాలి కింది పెద్ద ఎముక పై పొరలో వాపు, లోపల మజ్జలో కూడా వాపు. పగులు గీత లేదు. నాలుగు గ్రేడ్ల లెక్కలో రెండోది. పగులుకి ముందు దశ, స్ట్రెస్ రియాక్షన్ అంటారు. ఇంకో నెల అలాగే లాగి ఉంటే ఎముక పగిలి స్ట్రెస్ ఫ్రాక్చర్ అయ్యేది. చోటు విషయంలో మాత్రం అదృష్టం బాగుంది. లోపలి వెనక అంచులో వచ్చేది మానుతుంది. అదే ఎముక ముందు అంచులో వచ్చి ఉంటే నెలల తరబడి మానకుండా ఆపరేషన్ దాకా వెళ్లే ప్రమాదం ఉంటుంది.

"మీరు చెప్పిన మెత్తటి షూస్ వేసుకున్నాకే ఎక్కువైంది" అన్నారు ఆవిడ. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

రెండు కాగితాలు

ఆ రోజు నేను మొదటి రోజే చేయాల్సిన పని చేశాను. ఆవిడ వాచీ యాప్ తెరిచి వారం వారం కిలోమీటర్లు ఒక కాగితం మీద రాశాను. ఇంకో కాగితం మీద షూస్ కొన్న తేదీలు. రెండూ పక్కపక్కన పెట్టాను.

ప్లాన్‌కి ముందు రెండు నెలలు వారానికి 24 నుంచి 26 కిలోమీటర్లు, మూడు పరుగులు. ప్లాన్ మొదటి వారం 26. తర్వాత 30, 37, 40, ఐదో వారం 46. ఆ వారాల్లో లాంగ్ రన్‌లు, అంటే వారంలో అన్నిటికన్నా పొడవైన పరుగులు, వరసగా 10, 12, 16, 18, 22. అంటే ఐదో వారం మొత్తం పరుగులో దాదాపు సగం ఒకే ఆదివారం పొద్దున. నొప్పి తొలిసారి కనిపించింది కూడా ఐదో వారంలోనే, ఆ 22 తర్వాత మంగళవారం నాడు.

ఇప్పుడు షూస్ కాగితం. కార్బన్ జత రెండో వారం చివర, నొప్పికి ముందు. మూడో జత, నాలుగో జత రెండూ నొప్పి తర్వాత. నొప్పి తర్వాత కొన్నవి నొప్పికి కారణం కాలేవు. ఇంత చిన్న సంగతి గమనించడానికి కాగితం కావాల్సి వచ్చింది, ఎందుకంటే ఆవిడకీ నాకూ కూడా షూస్ కంటికి కనిపిస్తున్నాయి, కిలోమీటర్లు కనిపించడం లేదు.

వారం మొత్తం ఎంత పెరిగిందన్నది పాత లెక్క. వారానికి పది శాతం మించొద్దని అందరూ చెప్తారు. నేను ఈ మధ్య ఒక్కో పరుగు మీద ఎక్కువ కన్నేస్తున్నాను. 2025లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో 5,200 మందికి పైగా రన్నర్లను 18 నెలల పాటు గమనించారు. గత 30 రోజుల్లో పెట్టిన అతి పొడవైన పరుగు కన్నా ఏ ఒక్క పరుగు అయినా పది శాతానికి మించి పెరిగితే గాయాలు ఎక్కువయ్యాయి. వారం లెక్కల్లో అంత స్పష్టమైన సంబంధం కనపడలేదు. ఈవిడ లాంగ్ రన్ నాలుగు సార్లు పెరిగింది, నాలుగు సార్లూ పది శాతం దాటే పెరిగింది. 12 నుంచి 16 అంటే మూడో వంతు.

మరి నొప్పి ఐదో వారం దాకా ఎందుకు ఆగింది? ఎముక పని తీరు అది. ఇల్లు బాగు చేయించేటప్పుడు ముందు పాత గోడ కొట్టి, తర్వాత కొత్తది కడతారు కదా. ఎముకలో కూడా కొత్త బరువు పడితే ముందు కొన్ని కణాలు పాత భాగాన్ని తవ్వి తీసేస్తాయి. దానికి రెండు మూడు వారాలు చాలు. వాటి వెనక వచ్చే కణాలు కొత్త ఎముక పోయడానికి దాదాపు మూడు నెలలు తీసుకుంటాయి. మధ్యలో కొంతకాలం ఎముక నిన్నటి కన్నా బలహీనంగా ఉంటుంది. గుండె, ఊపిరి రెండు మూడు వారాల్లోనే మెరుగుపడి "ఇంకా పరిగెత్తు" అంటాయి. ఎముక నోరెత్తదు. మూడో వారం నుంచి ఆరో వారం దాకా ఇలాంటి గాయాలు ఎక్కువగా బయటపడటం అందుకే.

మరి కార్బన్ జత నిర్దోషా?

పూర్తిగా కాదు. యాప్‌లో ఇంకో వరస ఉంది, పేస్, అంటే కిలోమీటరుకి పట్టే సమయం. కార్బన్ షూస్ రాకముందు నెమ్మదిగా పెట్టే ఈజీ రన్ కిలోమీటరుకి 7 నిమిషాల 15 సెకన్లు. వచ్చాక 6:40. గుండె వేగం సగటు 142 నుంచి 151కి పెరిగింది. "హాయిగానే పరిగెత్తాను, కష్టపడినట్టు అనిపించలేదు" అన్నారు. ఆ షూస్ చేసేది అదే. కొత్త ప్లాన్ ఉత్సాహం ఎంత, షూస్ ఎంత అని విడదీసి చెప్పడం నా వల్ల కాదు. కానీ ఈజీ రన్ అన్నది ఈజీగా లేకుండా పోయింది. రోజూ కాస్త వేగంగా, ఎక్కువ దూరం.

ఈ షూస్ గురించి ప్రచారంలో ఉన్న 4 శాతం లెక్క సంగతి కూడా చెప్పాలి. 2017లో వచ్చిన ల్యాబ్ ప్రయోగంలో 18 మంది బాగా వేగంగా పరిగెత్తే మగవాళ్లకు ఇలాంటి ఒక మోడల్ తొలి నమూనా వేసి చూస్తే, సగటున 4 శాతం తక్కువ శక్తితో అదే వేగం సాధ్యమైంది. అది మామూలు విషయం కాదు. ప్లేట్ స్ప్రింగులా తంతుందని చాలామంది అనుకుంటారు, కానీ అసలు పని ఎక్కువగా ఫోమ్‌దే. పాత ఈవీఏ ఫోమ్ నొక్కినప్పుడు తీసుకున్న శక్తిలో మూడింట రెండొంతులు తిరిగిస్తే, పీబా అనే ఈ కొత్త ఫోమ్ 87 శాతం తిరిగిచ్చింది. తర్వాత ఒక ప్రయోగంలో ప్లేట్‌ని అడ్డంగా కోసి, వంగేలా చేసి పరిగెత్తించినా లాభం దాదాపు అలాగే ఉంది. అయితే ఆ 4 శాతం గంటకు 14 నుంచి 18 కిలోమీటర్ల వేగం దగ్గర. గంటకు 12 కిలోమీటర్ల దగ్గర ఇలాంటి షూస్‌తో చూస్తే లాభం ఒకటిన్నర శాతానికి లోపే, 10 దగ్గర ఒక శాతానికి కూడా రాలేదు. ఈవిడ వేగం గంటకు 9. స్నేహితురాలు తన టైమింగ్ తగ్గించుకున్న మాట అబద్ధం కాకపోవచ్చు. ఆ లాభం ఈవిడకు అంతే వస్తుందనుకోవడం మాత్రం పొరపాటు.

ఇంకో జాగ్రత్త. 2023లో కొందరు స్పోర్ట్స్ డాక్టర్లు ఐదుగురు క్రీడాకారుల కేసులు ప్రచురించారు. కార్బన్ ప్లేట్ షూస్ వాడుతుండగా పాదం మధ్యలో ఉండే నావిక్యులర్ అనే ఎముకకు స్ట్రెస్ గాయాలు. ఐదు కేసులతో ఏదీ రుజువు కాదు. కానీ గట్టి షూస్ బరువుని మాయం చేయవు, ఒక చోటు నుంచి ఇంకో చోటుకి మారుస్తాయి అని గుర్తుపెట్టుకోవడానికి చాలు. మడమ ఎత్తు తక్కువున్న షూస్ పిక్క మీద, మడమ వెనక స్నాయువు మీద ఎక్కువ పని వేస్తాయి. ఎత్తు ఎక్కువున్నవి మోకాలి మీద వేస్తాయి. అందుకే ఏ మార్పయినా నెమ్మదిగా చేయాలంటాను, ఖరీదైనదైనా చవకైనదైనా.

పాదం వాలడం, మెత్తదనం, ధర

మూడో జత విషయం. పాదం లోపలికి వాలడం అసలు జబ్బు కాదు. నేల తాకినప్పుడు పాదం అలా వాలే దెబ్బ తీసుకుంటుంది. అమెరికా సైన్యంలో, వైమానిక దళంలో, మెరైన్లలో మూడు పెద్ద ప్రయోగాలు చేశారు. కొత్తగా చేరినవాళ్లలో కొందరికి అరికాలి ఆకారాన్ని బట్టి షూస్ ఎంపిక చేశారు, మిగతావాళ్లకు అందరికీ ఒకే రకం ఇచ్చారు. గాయాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2011లో హాఫ్ మారథాన్‌కి తయారవుతున్న 81 మంది ఆడవాళ్లతో చేసిన ప్రయోగంలోనైతే, పాదం బాగా వాలేవాళ్లకు పాదాన్ని వాలకుండా పట్టి ఉంచే గట్టి కంట్రోల్ షూస్ ఇస్తే నొప్పులు పెరిగాయి. అయితే 2016లో 372 మందితో చేసిన ఇంకో ప్రయోగంలో వాలే పాదాలవాళ్లకు అలాంటి షూస్ మేలు చేశాయి. ఇలా ఎదురెదురుగా ఉన్నప్పుడు ఒక వీడియో ఆపి చూపించి "అందుకే నొప్పి" అని తేల్చడం తొందరపాటు. ఆ షాపు కుర్రాణ్ణి తప్పు పట్టను. అతని దగ్గర ఉన్నవి షూసే, శిక్షణ డైరీ కాదు.

నేను చెప్పిన మెత్తటి షూస్‌కి కొంత ఆధారం లేకపోలేదు. 848 మంది రన్నర్లకు పైకి ఒకేలా కనిపించే రెండు రకాలిచ్చి ఆరు నెలలు చూస్తే, గట్టి ఫోమ్ వాళ్లకు గాయాల ముప్పు ఒకటిన్నర రెట్లు ఉంది. కానీ అది గాయం లేనివాళ్లతో మొదలుపెట్టిన ప్రయోగం. వాపు వచ్చేసిన ఎముక మీద నేను దాన్ని మందులా వాడాను. పైగా మెత్తగా ఉండేసరికి నొప్పి కాస్త తక్కువ అనిపించి, నేను తగ్గించమన్న మూడో వంతు ఆవిడ తగ్గించలేదు. అదీ యాప్‌లో ఉంది. ఇందులో ఆవిడ తప్పు ఎంతో నా తప్పూ అంతే, ఎందుకంటే ఆ మూడు వారాలూ నేను ఫోన్ చేసి అడిగింది లేదు.

ధర గురించి నేరుగా చూసిన ప్రయోగం ఒకటుంది, 2008 నాటిది. మూడు కంపెనీల షూస్, ఒక్కో కంపెనీలో చవక, మధ్యరకం, ఖరీదైనవి. 43 మంది మగవాళ్ల పాదాల కింద ఒత్తిడి కొలిచారు. చవకవీ మధ్యరకంవీ ఖరీదైనవాటికి తీసిపోలేదు, కొన్నిచోట్ల మెరుగ్గానే ఉన్నాయి. హాయి విషయంలోనూ ధరకు తగ్గ తేడా కనపడలేదు. ఇప్పటి రేసింగ్ ఫోమ్‌లు అప్పటికి లేవు, కాబట్టి వేగం గురించి అది ఏమీ చెప్పదు. కాళ్ల రక్షణ గురించి మాత్రం ఆ తర్వాత వచ్చిన ఆధారాలు కూడా ధర వైపు మొగ్గలేదు.

అడగని ప్రశ్న

పరుగు డైరీలో లేని విషయం ఒకటుంది. ఆ ఐదు వారాల్లో ఆవిడ మూడు కిలోలు తగ్గారు. "బరువు తగ్గితే వేగం పెరుగుతుందని" రాత్రి తిండి దాదాపు మానేశారు. నెలసరి రెండు వారాలు ఆలస్యమైంది, టెన్షన్ వల్లేమో అనుకుని వదిలేశారు. తినే శక్తి చాలకపోతే ఒంట్లో హార్మోన్లు తగ్గి ఎముక మరమ్మతు మందగిస్తుంది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో ఈ పరిస్థితికి ఒక పేరు కూడా పెట్టింది, రెడ్-ఎస్ అంటారు. మగవాళ్లకూ వస్తుంది. ఆడవాళ్లకు ఎముక గాయం అయినప్పుడు నెలసరి గురించి అడగడం మొదటి రోజు ప్రశ్న. నేను రెండోసారి వచ్చినప్పుడు అడిగాను. పరీక్షలకు ఫిజీషియన్ దగ్గరికి పంపాను. విటమిన్ డి తక్కువగా ఉంది, దానికి మందులిచ్చారు. రాత్రి భోజనం మళ్లీ మొదలైంది.

మానిన తీరు

రేస్ వదిలేసుకున్నారు. ఆ మాట ఆవిడ నోటితో ఆవిడే అనేదాకా ఆగాను. మొదటి పది రోజులు బయట నడవడానికి డాక్టర్ ఇచ్చిన, కాలిని కదలకుండా పట్టి ఉంచే బూట్. నొప్పి లేకుండా మామూలుగా నడవగలిగాక సైకిల్, నీళ్లలో నడుముకి బెల్ట్ కట్టుకుని పరుగు. ఊపిరి దెబ్బతినకుండా కాపాడుకోవడానికి ఇంతకు మించింది లేదు, విసుగు మాత్రం భరించాలి.

అసలు పని పిక్కల్లో. ఒంటికాలి మీద మడమ ఎత్తడం ఎన్నిసార్లు చేయగలరో లెక్కపెట్టాం. కుడి 19, ఎడమ 11. రన్నర్‌కి కనీసం 25 రావాలంటాను. పిక్క లోపలి పొరలో ఉండే సోలియస్ కండరం పరుగులో శరీరం బరువుకి ఆరు రెట్లకు పైగా శక్తి పెడుతుంది. అది త్వరగా అలిసిపోతే ఎముకని వంచే ఒత్తిడి పెరుగుతుంది. మోకాలు వంచి కూర్చుని, తొడ మీద బరువు పెట్టుకుని మడమ ఎత్తడం రోజు విడిచి రోజు. వాచీలో కిలోమీటర్లు పెరగడం చూసి మురిసిపోయే మనిషికి ఇది శిక్షలాంటిది. అందుకని ఈ లెక్క కూడా ఒక పుస్తకంలో రాయించాను.

ఏడో వారంలో మొదటి పరుగు. ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, ఎనిమిది సార్లు. మర్నాడు పొద్దున ఎముక మీద వేలితో నొక్కి నొప్పి లేకపోతేనే తర్వాతి మెట్టు. అడుగుల సంఖ్య నిమిషానికి 158 ఉంటే, టిక్‌టిక్‌మని లయ కొట్టే మెట్రోనోమ్ పెట్టి 166కి తెచ్చాం. అదే వేగంలో అడుగు కాస్త పొట్టిదైతే ఒక్కో అడుగు దెబ్బ తగ్గుతుంది. ఐదు నుంచి పది శాతం చాలు, అందరినీ 180కి లాగాల్సిన పని లేదు.

ఏ షూస్‌తో మొదలుపెట్టాలి? నాలుగు జతలూ తెప్పించాను. కళ్లు మూసుకోమని, నేనే తొడిగి లేసులు కట్టి, ఒక్కో జతతో ట్రెడ్‌మిల్ మీద రెండు నిమిషాలు నడిపించాను. తర్వాత ఒక కాలికి ఒక రకం, ఇంకో కాలికి ఇంకో రకం. "హాయిగా ఉన్నదేదో చెప్పండి చాలు." పరుగు శాస్త్రంలో పేరున్న బెన్నో నిగ్ 2015లో ఇదే మాట చెప్పాడు. తనకు సౌకర్యంగా ఉన్నదాన్ని ఎంచుకునే రన్నర్ తెలియకుండానే తన కదలికకు సరిపోయేదాన్ని ఎంచుకుంటాడన్నది ఆయన వాదన. పూర్తిగా రుజువైందని అనను గానీ, అంతకన్నా మెరుగైన దారి నాకు కనపడలేదు. ఆవిడ కళ్లు తెరిచి చూసుకున్నారు. ఎంచుకున్నది ఒకటో జత, అరిగిపోయిన పాతది. "ఇదా?" అన్నారు. ఆ గొంతులో నిరాశ నాకింకా గుర్తుంది.

ఆ జత ఆయుష్షు అయిపోయింది కాబట్టి అదే రకం కొత్తది కొనమన్నాను. నాలుగింటిలోకీ చవకది అదే. కొనేటప్పుడు చూడమన్నవి ఇవే. సాయంత్రం పూట, పాదం కాస్త ఉబ్బి ఉన్నప్పుడు కొనాలి. ముందు బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. లోపలి ఇన్‌సోల్ బయటికి తీసి దాని మీద నిలబడితే వేళ్లు అంచు దాటి పొర్లకూడదు. దాటితే వెడల్పు చాలనట్టు, దానికి ధర ఎంతైనా లాభం లేదు.

"అయితే అసలు షూసే వద్దా? ఇథియోపియా ఆయన వట్టి కాళ్లతో గెలిచాడట కదా" అని ఓ రోజు అడిగారు. అబెబె బికిలా 1960 రోమ్ ఒలింపిక్స్‌లో వట్టి కాళ్లతో 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లలో మారథాన్ గెలిచిన మాట నిజమే. నాలుగేళ్లకు టోక్యోలో షూస్ వేసుకుని 2:12:11లో మళ్లీ గెలిచాడు, ఆ రెండోది ఎవరూ చెప్పరు. చిన్నప్పటినుంచి అలవాటైన పాదం వేరు, రోజంతా షూస్‌లో ఉండే పాదం వేరు. 36 మంది రన్నర్లతో చేసిన ఒక ప్రయోగంలో సగానికి కాస్త ఎక్కువ మందిని పది వారాల్లో వేళ్ల తొడుగుల్లాంటి పల్చటి షూస్‌కి మార్చితే, అలా మారిన 19 మందిలో 10 మందికి పాదం ఎముకల్లో వాపు పెరిగింది. ఈవిడ ఎముక అప్పుడే కోలుకుంటోంది. ఇంట్లో వట్టి కాళ్లతో తిరగండి, అంతకు మించి వద్దన్నాను.

మెత్తటి జతని లాంగ్ రన్‌లకి ఉంచాం. 264 మందిని 22 వారాలు చూసిన ఒక అధ్యయనంలో, ఒకటికి మించి జతలు మార్చి మార్చి వాడేవాళ్లకు గాయాల ముప్పు 39 శాతం తక్కువ. బరువు రోజూ ఒకే చోట పడకపోవడం కారణం కావచ్చు. ఇదొక్కటే ఆవిడ ఖర్చుని కొంత సమర్థించే విషయం, చెప్పగానే మొహం వెలిగింది. స్టెబిలిటీ జత చెల్లెలికి ఇచ్చేశారు. కార్బన్ జత అల్మారాలోకి వెళ్లింది, రేస్ రోజుకీ అంతకు ముందు రెండు మూడు వేగం పరుగులకీ మాత్రమే.

ఎనిమిదో నెలలో హాఫ్ మారథాన్ పరిగెత్తారు, పాత రికార్డుకి నాలుగు నిమిషాలు వెనక. వేసుకున్నవి ఆ మామూలు షూసే, కార్బన్ జత ఇంట్లో వదిలేశారట. ఎందుకని అడిగితే "నమ్మకం కుదరలేదు" అన్నారు. ఇది కూడా తప్పే. వాటికి ఇప్పుడు భయపడాల్సిన పని లేదు, కానీ నేను ఒత్తిడి చేయలేదు.

క్రితం వారం ఒక మెసేజ్ వచ్చింది. కొత్తగా వచ్చిన షూస్ ఫోటో, కింద "ఇవి ఎలా ఉంటాయి?" అని. గత ఆరు వారాల లాంగ్ రన్‌లు పంపించమని జవాబిచ్చాను. పంపారు. 12, 12, 13, 14, 12, 15. అంతకు ముందు పొడవైన 14తో పోలిస్తే చివరి ఎగుడు పది శాతం లోపే, అయినా 16 దాటడానికి ఇంకో రెండు వారాలు ఆగమన్నాను. ఎడమ కాలి మడమ ఎత్తడం 22 దగ్గర ఆగింది, కుడి 26. వచ్చే నెల మళ్లీ లెక్కపెడతాం.